గడువు తీరకమునుపే ఇల్లు విడిచినచో

ఏన్కూరు ఖమ్మము జిల్లాలో, తల్లాడనుండి కొత్తగూడెము పోవు త్రోవమీద నున్న మండల కేంద్రము. అది దాటి ముందునకు పోయినచో జూలూరుపాడు వచ్చును. 2016 అక్టోబరు 11న జిల్లాలు విభజింపబడిన నాటినుండి ఆ ఊరు భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనిది. ఒక ప్రక్క మిరప, ప్రత్తి చేలు. మరియొక ప్రక్క భద్రాచలము దిక్కునకు సాగిపోవు అడవి. ఇట్టి ఊళ్ళలో కిరాయి ఇండ్లలో నుండువారు సామాన్యముగా బడిపంతుళ్ళు, బ్యాంకు ఉద్యోగులు, ఆసుపత్రి సిబ్బంది, అటవీశాఖవారు, చిన్న దుకాణములు పెట్టుకొనువారు. ఎన్నాళ్ళు ఇచట నుందుమో వీరిలో పెక్కుమందికి తెలియదు. బదిలీ కాగితము వచ్చిననాడు మూటముల్లె సర్దుకొనవలసినదే.

ఆనాటి సాయంత్రము ఆ ఇంటిలో రెండు చింతలు పుట్టును. క్రొత్తచోట ఇల్లు దొరకునా అనునది మొదటిది. ఇచట ఇచ్చిన అడ్వాన్సు తిరిగి చేతికి వచ్చునా అనునది రెండవది. "గడువు ఇంకను నాలుగు నెలలున్నది. ఆ నాలుగు నెలల కిరాయియు లెక్కగట్టి పొండి" అని ఇంటి యజమాని యనును. "నేను కాపురముండని ఇంటికి నేనెందుకు కిరాయి ఇయ్యవలెను?" అని కిరాయిదారు అడుగును. ఇద్దరును న్యాయము తమవైపే యున్నదని నమ్మినవారే. ఇద్దరి మాటయు సగమే సరియైనది. మిగిలిన సగము ఎచ్చటనున్నదో తెలియకపోవుటచే, నిన్నటి వరకు పండుగలకు పిండివంటలు ఇచ్చిపుచ్చుకొన్న రెండు కుటుంబములు ఒకరి ముఖము ఒకరు చూడనివైపోవుచున్నవి. ఆ మిగిలిన సగమును గూర్చియే మేము ఈ ప్రసంగములో ముచ్చటింపదలచితిమి.

ముందుగా ఒక మూలవిషయము. ఇల్లు కిరాయికిచ్చుట యనగా రెండు పనులు ఒక్కసారి జరుగుట. ఒకటి, ఇంటిని అనుభవించు హక్కు కొంతకాలమునకు చేతులు మారుట. దీనిని 1882వ సంవత్సరపు ఆస్తి బదలాయింపు చట్టము నడుపుచున్నది. రెండు, ఇరువురు ఒండొరులకు మాట ఇచ్చుకొనుట. దీనిని 1872వ సంవత్సరపు భారత కాంట్రాక్టు చట్టము నడుపుచున్నది. హక్కు ఎంతకాలము నిలిచినది అనునది మొదటి చట్టము తేల్చును. మాట తప్పినచో ఎంత పరిహారమనునది రెండవ చట్టము తేల్చును. ఈ రెండు ప్రశ్నలను కలిపివేయుటవలననే సగము తగవులు పుట్టుచున్నవి.

కావున ఇల్లు విడువదలచినవాడు మొట్టమొదట వేసికొనవలసిన ప్రశ్న ఇది: "మా నడుమ ఉన్న కాగితమెట్టిది?" పల్లెలలోను, చిన్న పట్టణములలోను మూడు తీరులు కనబడును. కాగితమే లేక నోటిమాటపై ఇల్లు తీసికొనుట మొదటిది. స్టాంపు కాగితముపై కిరాయినామా వ్రాసికొని, ఇద్దరు సాక్షులచే సంతకములు చేయించి, బీరువాలో పెట్టుకొనుట రెండవది. సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో రిజిస్టరు చేయించుట మూడవది. మూడవ తీరు మిక్కిలి అరుదు.

నోటిమాటపై తీసికొన్న ఇంటికి చట్టమే గడువు నిర్ణయించినది. ఆస్తి బదలాయింపు చట్టము 106వ సెక్షను ప్రకారము, వేరు ఒప్పందముగాని, స్థానికాచారముగాని, వేరు చట్టముగాని లేనప్పుడు, కాపురమునకో దుకాణమునకో ఇచ్చిన కిరాయి నెలనెలకు సాగునదిగా భావింపబడును. పదునైదు దినముల నోటీసుతో ఇరువురిలో ఎవరైనను దానిని ముగింపవచ్చును. పూర్వము ఆ నోటీసు కిరాయినెల చివరి దినముతో ముగియునట్లు ఇయ్యవలసి యుండెడిది. ఒక దినము తప్పినను నోటీసు చెల్లలేదని వ్యాజ్యములు సాగెడివి. 2002 నాటి సవరణచే ఆ చిక్కు తొలగినది. నోటీసు అందిన దినమునుండి పదునైదు దినములు లెక్కింతురు. నోటీసు వ్రాతపూర్వకముగా నుండవలెను, ఇచ్చువారి సంతకముండవలెను, తపాలా ద్వారా పంపవచ్చును, లేక స్వయముగా అందజేయవచ్చును. ఫోనులో పంపిన సందేశము సాక్ష్యముగా అక్కరకు రావచ్చును గాని, సంతకముతో కూడిన కాగితమునకు సాటిరాదు.

ఇక రెండవ తీరు. ఇచట మన ప్రాంతమునకు ప్రత్యేకమైన సంగతి యొకటి కలదు. దేశములో చాలచోట్ల ఏడాదికి మించిన కిరాయినామాలకు మాత్రమే రిజిస్ట్రేషను తప్పనిసరి. అందుచేతనే పదునొకండు నెలల కిరాయినామా అను వాడుక దేశమంతట వ్యాపించినది. ఐతే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1999లో, 1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టమును ఈ రాష్ట్రము మట్టుకు సవరించి, స్థిరాస్తి లీజులన్నిటికి, గడువెంత తక్కువైనను, రిజిస్ట్రేషను తప్పనిసరి చేసెను. తెలంగాణము ఆ చట్టమునకు వారసురాలే. కావున పదునొకండు నెలలని వ్రాసికొన్నంతమాత్రమున రిజిస్ట్రేషను అక్కరలేదను నమ్మకమునకు ఇచట ఆధారము లేదు.

రిజిస్టరు కాని కాగితమున కేమగును? అది చిత్తుకాగితమైపోదు. ఇతడు ఇంటిలో కిరాయిదారుగానే యున్నాడు, దొంగతనముగా చొరబడలేదు అను సంగతిని చూపుటకు అట్టి కాగితము పనికివచ్చును. కాని దానిలోని గడువును, షరతులను అమలు జరిపింపుమని న్యాయస్థానమును అడిగినప్పుడు అది బలహీనమగును. అనుభవములోనున్న కిరాయిదారు అప్పుడు నెలసరి కిరాయిదారుగా ఎంచబడును. రిజిస్టరు కాని లీజుపై ఇల్లు పట్టినవానికి నెలసరి హక్కు ఏర్పడునని సుప్రీంకోర్టు 2000 సంవత్సరమున ఒక తీర్పులో స్పష్టము చేసినది. దీని ఫలితమేమనగా, "రెండేండ్లు ఉండితీరవలెను" అని స్టాంపు కాగితముపై వ్రాసి, రిజిస్టరు చేయింపని యజమాని, ఆ రెండేండ్ల కిరాయిని కోర్టు ద్వారా రాబట్టుట కష్టము. అదేవిధముగా, "రెండేండ్లవరకు నన్ను కదలింపరాదు" అని ఆ కాగితమునే నమ్ముకొన్న కిరాయిదారునకును అది కోటగోడ కాజాలదు. కత్తికి రెండువైపులను పదునే.

ఐనను ఇచట ఒక మాట చెప్పకతప్పదు. చట్టము కిరాయిదారు పక్షముననున్నను, అడ్వాన్సు సొమ్ము యజమాని చేతిలోనున్నది. చేతిలోని సొమ్మును రాబట్టుకొనుటకు కోర్టుకెక్కవలసినవాడు కిరాయిదారే. ఆరువేలకో పండ్రెండువేలకో ఎవరు కోర్టుకు పోదురు? కావున చట్టము తెలిసికొనుట తగవు పెంచుకొనుటకు గాదు, కూర్చుండి మాటాడుకొనునప్పుడు ఏది న్యాయమైన మొత్తమో ఇద్దరును ఎరిగియుండుటకు.

ఒక లెక్క వేసి చూతము. నెలకు 6,000 రూపాయల కిరాయి, రెండు నెలల కిరాయి 12,000 రూపాయలు అడ్వాన్సు అనుకొందము. కాగితము లేదు. కిరాయిదారు 10వ తేదీన నోటీసు అందజేసెను. పదునైదు దినములు 25వ తేదీతో నిండెను. ఆనాడు ఇల్లు ఊడ్చి, తాళముచెవి అప్పగించెను. ఆ నెల 1 నుండి 25 వరకు కిరాయి 5,000 రూపాయలు. కట్టవలసిన విద్యుత్ బిల్లు 400 రూపాయలు. పిల్లలు బంతి తగిలించి పగులగొట్టిన కిటికీ అద్దమునకు 600 రూపాయలు. వెరసి 6,000 రూపాయలు. యజమాని తిరిగి ఇయ్యవలసినది 6,000 రూపాయలు. ఒకవేళ ఆ కిరాయిదారు నోటీసు ఇచ్చిననాడే సామాను ఎత్తుకొని వెళ్ళిపోయినను లెక్క మారదు; పదునైదు దినములు అతని ఖాతాలోనివే. ఊరిలో నెలరోజుల ముందు చెప్పుట ఆచారముగా స్థిరపడియున్నను, అట్లు ఇరువురును ఒప్పుకొనియున్నను, పదునైదు దినములకు బదులు నెల లెక్కింపవలసియుండును.

ఇక మూడవ తీరు, రిజిస్టరు చేసిన కిరాయినామా. దీనిలోని ప్రతి షరతునకు బలము కలదు. ఆ కాగితములో మూడు మాటలకై వెదకవలెను. గడువెంత? ముందుగా విడుచుటకు నోటీసు ఎంత? కొంతకాలమువరకు విడువనే కూడదను లాకిన్ షరతు కలదా? నోటీసు రెండు నెలలని యున్నచో, చెప్పక వెళ్ళినవాడు ఆ రెండు నెలల కిరాయికి బాధ్యుడు. అంతటితో లెక్క ముగిసినట్లే. ముందుగా విడుచుటకు వీలు కల్పించు మాట యేదియు లేక, గడువు మాత్రమే వ్రాసియున్నచో, ఆ గడువంతయు హక్కు కిరాయిదారునిదే, కిరాయి బాధ్యతయు అతనిదే. నోటీసు ఇచ్చినంతమాత్రమున ఆ బాధ్యత తీరదు. యజమాని సమ్మతించి ఇంటిని తిరిగి స్వాధీనము చేసికొన్నప్పుడే తీరును.

ఈ సమ్మతిని చట్టము సరెండరు అనుచున్నది. 111వ సెక్షనులో దీనికి రెండు మార్గములు చెప్పబడినవి. ఇద్దరును స్పష్టముగా ఒప్పుకొని విడుచుట యొకటి. ఇద్దరి నడవడినిబట్టి విడిచినట్లు ఏర్పడుట మరియొకటి. యజమాని తాళముచెవి తీసికొని, సున్నము వేయించి, ఆ ఇంటిని మరియొకరికి కిరాయికిచ్చెననుకొందము. అంతట పాత కిరాయి సమసిపోయినట్లే. ఆ తరువాతి నెలలకు పాతవానినుండి కిరాయి యని అడుగుటకు వీలులేదు. నిజముగా కలిగిన నష్టమునకు పరిహారము మాత్రము అడుగవచ్చును. అందుచేత తాళముచెవి అప్పగింత చిన్నపని కాదు. ప్రక్కయింటివారికిచ్చి పోవుట, గడపమీద పెట్టి పోవుట కూడదు. యజమాని చేతికిచ్చి, ఫలానా తేదీన ఇల్లు, తాళముచెవి స్వాధీనము చేసికొంటినని రెండు పంక్తులు వ్రాయించుకొనవలెను. ఆ రెండు పంక్తులు లేనందున నెలల కిరాయి మీదపడవచ్చును.

లాకిన్ షరతును గూర్చి మరికొంత చెప్పవలెను. పట్టణములందలి అపార్టుమెంట్లలో ఇది సాధారణమైనది. ఏన్కూరునుండి పిల్లల చదువుకై ఖమ్మములోనో, ఉద్యోగములకై హైదరాబాదులోనో ఫ్లాటు తీసికొను కుటుంబములు దీనిని ఎరుగవలెను. ఏడాది లాకిన్ అని వ్రాసి, ఎనిమిది నెలలకే విడిచినచో, మిగిలిన నాలుగు నెలలకు, నెలకు 6,000 చొప్పున 24,000 రూపాయలు యజమాని అడుగును. ఒక నెల ఖాళీగా నుండి, తరువాత అదే కిరాయికి క్రొత్తవారు చేరిరనుకొందము. అప్పుడు ఆ నాలుగు నెలలలో మూడు నెలల కిరాయి 18,000 రూపాయలు క్రొత్తవారినుండి వచ్చినది. పాతవారినుండి 24,000 కూడ పుచ్చుకొన్నచో ఒకే ఇంటికి ఒకే కాలమునకు రెండు కిరాయిలు తీసికొన్నట్లగును.

కాంట్రాక్టు చట్టము దీనికి ఒప్పుకొనదు. మాట తప్పుటవలన సహజముగా కలిగిన నష్టమునకే పరిహారమని 73వ సెక్షను చెప్పుచున్నది. ఆ నష్టమును తగ్గించుకొనుటకు నష్టపోయినవానికి అందుబాటులోనున్న మార్గములను గూడ గణించవలెనని ఆ సెక్షను వివరణములోనే యున్నది. ఒప్పందములో ముందుగానే ఒక మొత్తము వ్రాసికొన్నను, ఆ మొత్తమునకు మించకుండ సమంజసమైన పరిహారమే దక్కునని 74వ సెక్షను చెప్పుచున్నది. ఫతేచంద్ వ్యాజ్యములో 1963లోను, కైలాస్‌నాథ్ అసోసియేట్స్ వ్యాజ్యములో 2015లోను సుప్రీంకోర్టు ఈ సూత్రమును నిలబెట్టినది. కావున వ్రాసికొన్న మొత్తము పైకప్పు వంటిది. దానికి మించి పోరాదు, అంతవరకును పోయితీరవలెనని లేదు. మన లెక్కలో న్యాయమైన పరిహారము ఖాళీగానున్న నెల కిరాయి 6,000 రూపాయలు, క్రొత్తవారిని వెదకుటకైన ఖర్చు. ఐతే ప్రతి వ్యాజ్యము ఒకే తీరున తేలునని చెప్పజాలము. యజమాని ఆ కిరాయిదారు కొరకే ప్రత్యేకముగా ఖర్చు పెట్టి ఇల్లు మార్చియున్నచో, ఆ లాకిన్ కాలమంతయు న్యాయమైనదేయని తోచవచ్చును. కాగితములోని మాట, జరిగిన సంగతి రెండును చూచియే న్యాయమూర్తి నిర్ణయించును.

అడ్వాన్సులో కోతపడు మరియొక పద్దు సున్నము, రంగులు. "ఒక నెల కిరాయి రంగులకు" అను వాడుక పట్టణములలో బలపడినది. 108వ సెక్షను ప్రకారము కిరాయిదారు ఇంటిని తాను చేరిననాటి స్థితిలోనే అప్పగింపవలెను. కాని వాడుకవలన సహజముగా కలుగు అరుగుదల, తరుగుదల అతని బాధ్యత కాదు. గోడ రంగు ఎండకు వెలిసినచో అది అరుగుదల. గోడకు మేకులు దిగగొట్టి పెచ్చులూడదీసినచో అది నష్టము. కిరాయినామాలో రంగుల ఖర్చు కిరాయిదారుదే యని ఒప్పుకొనియున్నచో ఆ మాట చెల్లును. లేనిచో ప్రతివారినుండియు నెల కిరాయి కోయుటకు చట్టములో ఆధారము లేదు. కిరాయిదారు స్వంత సొమ్ముతో బిగించుకొన్న పంకాలు, అరలు మున్నగువానిని ఇంటిలోనున్నప్పుడే, ఇంటికి చెరుపు కలుగకుండ తీసికొనిపోవుటకు హక్కు కలదు. విడిచిపోయిన పిమ్మట వచ్చి అడుగరాదు.

"మాకు వెళ్ళక తప్పలేదు, మా తప్పు కాదు గదా!" అని పెక్కుమంది యందురు. ఇది హృదయమునకు తగిలెడి మాటయే. 2021 డిసెంబరు 6న తెలంగాణ ప్రభుత్వము 317వ నంబరు ఉత్తర్వు వెలువరించి ఉద్యోగులను, ఉపాధ్యాయులను క్రొత్త జిల్లాలకు, జోనులకు కేటాయించినప్పుడు, అనేకులు తాము కోరని ఊళ్ళకు పోవలసివచ్చెను. కాని బదిలీ కిరాయినామాను తనంతట తాను రద్దుచేయదు. అసాధ్యమైన ఒప్పందము రద్దగునను కాంట్రాక్టు చట్టము 56వ సెక్షను, అమలులోనికి వచ్చిన లీజులకు వర్తింపదని సుప్రీంకోర్టు 1968లో రాజా ధ్రువదేవ్ చంద్ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. దేశవిభజన కాలపు పంజాబు భూముల కౌలును గూర్చిన వ్యాజ్యమది. అంతటి సంక్షోభములోనే లీజు నిలిచినప్పుడు, బదిలీ యనగా నిలువకపోదు.

కరోనా కాలములోను ఇదే సూత్రము కనబడినది. 2020 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము, మార్చి మొదలు మూడు నెలల కిరాయిని అప్పటికప్పుడు వసూలు చేయరాదని, తరువాత వడ్డీ లేక వాయిదాలలో తీసికొనవలెనని యజమానులను ఆదేశించెను. అది వాయిదా వేయుటయే గాని మాఫీ చేయుట కాదు. మాఫీ యని తలంచినవారు తరువాత చిక్కుపడిరి.

ఐతే చట్టము దయలేనిది కాదు. అగ్ని, తుపాను, వరద వంటివాటిచే ఇల్లు కూలిపోయినచో, లేక ఏ పనికై కిరాయికి తీసికొనబడెనో ఆ పనికి శాశ్వతముగా పనికిరానిదైపోయినచో, కిరాయిదారు కోరినప్పుడు లీజు చెల్లకుండపోవునని 108వ సెక్షను చెప్పుచున్నది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మములోని కాలనీలను ముంచినప్పుడు, కిరాయి ఇండ్లలోని కుటుంబములెన్నియో కట్టుబట్టలతో మిగిలినవి. ఇల్లు కూలినవారికి పై నియమము అండ. నీరు తీసి, బురద కడిగిన పిమ్మట మరల నివాసయోగ్యమైన ఇంటికి మాత్రము, శాశ్వతముగా అను మాట అడ్డమువచ్చును. అట్టిచోట యజమానియు, కిరాయిదారును కష్టము పంచుకొనుటయే ధర్మము. అదేవిధముగా, యజమాని తాను చేయవలసిన మరమ్మతు నోటీసు ఇచ్చినను చేయకున్నచో, కిరాయిదారు దానిని చేయించి, ఖర్చును కిరాయిలోనుండి తగ్గించుకొనవచ్చును. రసీదులు మాత్రము భద్రపరుపవలెను.

కొందరు "కిరాయి నియంత్రణ చట్టము లేదా?" అని అడుగుదురు. కలదు. 1960 నాటి భవనముల లీజు, కిరాయి, ఖాళీ చేయించుట నియంత్రణ చట్టము హైదరాబాదు, సికిందరాబాదులందును, పురపాలక సంఘములందును వర్తించును. ఏన్కూరు వంటి గ్రామ పంచాయతీలలో ఆస్తి బదలాయింపు చట్టమే శరణ్యము. పైగా ఆ నియంత్రణ చట్టము ముఖ్యోద్దేశము కిరాయిదారుని అన్యాయముగా వెళ్ళగొట్టకుండుట. తానై వెళ్ళువాని బాకీ లెక్కను అది చూడదు. కేంద్ర ప్రభుత్వము 2021లో ఆమోదించిన మాదిరి కిరాయి చట్టములో నివాసగృహములకు రెండు నెలల కిరాయికి మించి అడ్వాన్సు తీసికొనరాదని యున్నది. అది రాష్ట్రములు శాసనము చేసికొనుటకు మాదిరి మాత్రమే. దానియంతట అది ఎవరిని కట్టివేయదు.

అడవి అంచునగల మన ప్రాంతమునకు మరియొక హెచ్చరిక. షెడ్యూల్డు ప్రాంతములోని గ్రామములలో 1959 నాటి ఒకటవ భూబదలాయింపు రెగ్యులేషను అమలులో నున్నది. అది 1963లో తెలంగాణమునకు విస్తరింపబడి, 1970లో మరింత కట్టుదిట్టము చేయబడినది. దాని ప్రకారము అచటి స్థిరాస్తిని గిరిజనులకు, గిరిజనులే సభ్యులుగాగల సహకార సంఘములకు తప్ప ఇతరులకు బదలాయించుట చెల్లదు. బదలాయింపు అను మాటలో అమ్మకమే గాక తాకట్టు, దానము, లీజు కూడ చేరియున్నవి. 1997లో సమత వ్యాజ్యమున సుప్రీంకోర్టు, ప్రభుత్వము గూడ అట్టి భూమిని గిరిజనేతరులకు లీజుకు ఇయ్యరాదని చెప్పినది. కావున అట్టి గ్రామములో గిరిజనేతరుడు కాగితము వ్రాయించుకొనినను, ఆ గడువు, లాకిన్ షరతులు నిలుచునని నమ్ముకొనరాదు. వాడుకొన్న నెలలకు సొమ్ము ఎగవేయవచ్చునని దీనికి అర్థము తీయుట మాత్రము తగదు. ఏ గ్రామము షెడ్యూల్డు ప్రాంతములోనిదో తహశీల్దారు కార్యాలయములోనో, భద్రాచలములోని ఐ.టి.డి.ఎ. కార్యాలయములోనో విచారించి తెలిసికొనవలెను. చేల కౌలు సంగతి వేరు. దానికి 1950 నాటి తెలంగాణ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టము కలదు. దానిని మరియొకప్పుడు ముచ్చటింతము.

విదేశములలోని మన పిల్లలకును ఈ చిక్కు తప్పదు. అమెరికాలో ఏడాది లీజుపై సంతకము చేసి, ఉద్యోగము వేరు ఊరికి మారినప్పుడు, ముందుగా విడిచినందుకు ఇంత రుసుమని ఒప్పందములోనే కనబడుచుండును. టెక్సాసు రాష్ట్రములో, కిరాయిదారు మధ్యలో విడిచిపోయినను, నష్టము తగ్గించుకొనుటకు యజమాని యత్నింపవలెనని శాసనము కలదు. ఆ బాధ్యతను తొలగించు షరతు వ్రాసికొన్నను చెల్లదు. జర్మనీలో గడువు లేని నివాసపు లీజును కిరాయిదారు మూడు నెలల నోటీసుతో ముగింపవచ్చును. దేశములు వేరైనను సూత్రమొకటే: చెప్పి వెళ్ళుము, నిజమైన నష్టమును తీర్చుము, అంతకుమించి ఇయ్యనక్కరలేదు.

ఇక ఆచరణకు కొన్ని మాటలు. ఇంటిలో చేరునాడే కిరాయినామాలో "బదిలీ అయినచో ఒక నెల నోటీసుతో ఖాళీ చేయవచ్చును" అను పంక్తిని చేర్పించుడు. అడ్వాన్సు ఎంత, ఎన్ని దినములలో తిరిగి ఇయ్యవలెను, దేనికి కోయవచ్చును అనునవి వ్రాయించుడు. అడ్వాన్సునకు రసీదు తీసికొనుడు. ఫోను ద్వారా చెల్లించినచో ఆ వివరము దాచుకొనుడు. చేరిననాడును, విడుచునాడును గోడలకు, తలుపులకు, కుళాయిలకు ఫోటోలు తీయుడు. మీటరు అంకెను ఇద్దరును చూచి వ్రాసికొనుడు. వెళ్ళకముందు మీకు బదులుగా మరియొక మంచి కుటుంబమును చూపగలిగినచో అంతకన్న మేలు లేదు. కాని ఆ క్రొత్తవారితో యజమాని స్వయముగా ఒప్పందము చేసికొనునట్లు చూడుడు. మీరే వారికి ఇల్లప్పగించి పోయినచో, మీ బాధ్యత మీకే మిగిలియుండును.

మాటలతో తెగనిచో, న్యాయసేవాధికార సంస్థలు కలవు. 1987 నాటి చట్టము ప్రకారము స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి, మరికొన్ని వర్గములవారికి ఉచిత న్యాయసహాయము లభించును. 15100 అను సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును. వ్యాజ్యము వేయకముందే లోక్ అదాలతులో రాజీ చేసికొనవచ్చును; అచటి తీర్పునకు కోర్టు డిక్రీతో సమానమైన బలము కలదు, దానిపై అప్పీలు లేదు. కిరాయి బకాయికి దావా వేయుటకు గడువు మూడేండ్లు. అడ్వాన్సు రావలసినవారును తాత్సారము చేయరాదు.

కడపటి మాట ఇంటి యజమానుల పక్షమున చెప్పెదము. కిరాయికిచ్చువారందరును ధనవంతులు కారు. ముందుగది, వెనుకగది విడదీసి, ఆ కిరాయితో మందులు కొనుక్కొను వృద్ధులు గలరు. కిరాయిదారు చెప్పక చేయక ఒక రాత్రి వెళ్ళిపోయినచో, వారికి ఆ నెల గడువదు. అట్లే, అడ్వాన్సు చేతికి రానిదే క్రొత్త ఊరిలో ఇల్లు తీసికొనలేని చిరుద్యోగియు కలడు. వెళ్ళునని తెలిసిననాడే ఇతడు నోరు తెరచి చెప్పవలెను. ఇల్లు అప్పగించిననాడే అతడు లెక్క చూపి మిగిలినది ఇయ్యవలెను. ఈ రెండు పనులు సకాలమున జరిగినచో, ఇంతసేపు మేము చెప్పిన సెక్షనులతో ఏ ఇంటికిని పని యుండదు.